అక్కాయమ్మ వంటలో విషం

ఒకానొక రాజ్యంలో తన నీడను చూసి కూడా "ఎవడ్రా నువ్వు" అని అడిగే రాజొకడుండేవాడు. పేరు జయకేతుడు. మంచం దిగితే పల్లకి, పల్లకి దిగితే సింహాసనం. నేల మీద కాలు పెడితే రాజరికానికి తక్కువని ఆయన నమ్మకం.

కొన్నాళ్ళుగా లేవబోతే మోకాళ్ళు పట్టేస్తున్నాయి, నడుము కలుక్కుమంటోంది. ఎవరో విషం పెడుతున్నారనుకున్నాడు. వంటమనిషి అక్కాయమ్మ మొన్న పప్పు వడ్డిస్తూ తల వంచుకుంది. ఎందుకు వంచుకున్నట్టు?

"దాని తల తీయించండి" అన్నాడు. అక్కాయమ్మ గరిటె పట్టుకునే కూలబడింది.

ఆస్థానంలో బొల్లన అనే మాటకారి ఉన్నాడు. "తొందరెందుకు ప్రభూ? ఒక పక్షం మీరే కాపలా కాయండి. నీళ్ళు మీరే తోడుకోండి, కూరలు మీరే కోసుకోండి. పల్లకి బోయీలు మాత్రం ఆవిడకి చుట్టాలు కారని ఏమిటి నమ్మకం?"

రాజుకీ మాట నచ్చింది. బావికీ, పెరటికీ, పొయ్యి దగ్గరికీ తిరిగాడు. పక్షం గడిచేసరికి నొప్పులు పోయాయి.

"చూశావా బొల్లనా, నేను కనిపెట్టుకుని ఉన్నాను గనక పెట్టలేకపోయింది. నేరం రుజువైపోయింది."

బొల్లన వెంటనే, "విచారణ నేను చేస్తాను ప్రభూ. అయ్యేదాకా మీరు సింహాసనం దిగకూడదు. పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకూడదు" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే నేరం చదవడం మొదలెట్టాడు. అక్కాయమ్మ ముత్తాత దగ్గర్నుంచి ఎత్తుకున్నాడు. మధ్యాహ్నం దాటింది, ఇంకా తాత పెళ్ళి కాలేదు.

"ఇక చాలించవయ్యా" అని రాజు లేవబోయి ఆగిపోయాడు. "అబ్బా, మోకాళ్ళు. మళ్ళీ పెట్టింది విషం."

"ఎందులో ప్రభూ?"

రాజు దూరంగా గుమ్మం దగ్గర చేతులు కట్టేసి ఉన్న అక్కాయమ్మను చూశాడు. "పొద్దున్నుంచీ నేనేమీ ముట్టలేదే" అన్నాడు.

"నెయ్యి కదపకుండా ఉంచితే పేరుకుంటుంది ప్రభూ. ఎవరూ ఏమీ కలపక్కర్లేదు. ఒళ్ళూ అంతే. నాలుగడుగులు వేసి చూడండి."

రాజు మూలుగుతూ వేశాడు. కాళ్ళు సాగాయి. సాగినకొద్దీ నవ్వొచ్చింది. పకపకా నవ్వి, అక్కాయమ్మ కట్లు విప్పించి పట్టుచీర పెట్టించాడు.

"నీకేం కావాలి బొల్లనా?"

"మీ దయ. ఏదిచ్చినా ప్రభువులే నడిచొచ్చి మా ఇంట్లో ఇవ్వాలి."

"మీ ఇల్లెక్కడ?"

"ఊరికి ఆ కొసన."

రాజు కళ్ళు చిన్నవి చేశాడు. "నిన్నటిదాకా కోట వెనకే కదా ఉంది?"

"ఇవాళే మారాను ప్రభూ."