సింగన్న తాత చిరుతిండి

చెప్తాను గానీ, మధ్యలో ఊ కొట్టడం మానారో, నేను లేచి పోతాను. సరేనా? అనగనగా ఇప్పచెట్ల అడవిలో ఒక ముసలి కొండముచ్చు ఉండేవాడు. పేరు సింగన్న.

ఆయన పని కాపలా. కింద జింకలు మేస్తుంటే, ఆయన చిటారుకొమ్మన కూర్చుని నాలుగు దిక్కులా చూసేవాడు. చిరుతపులి తోక కనిపిస్తే చాలు, "ఖర్ ఖర్! పారిపోండి!" అని అరిచేవాడు. ఆ అరుపు వల్ల ఎన్ని జింకలు బతికాయో!

అందుకే జింకలకు ఆయనంటే ప్రాణం. ఆ ప్రేమ ఎలా చూపించేవో తెలుసా? తీపి పెట్టి! పొద్దున్నే ఒక జింక రాలిన ఇప్పపూలు తెచ్చి చెట్టు కింద పెట్టేది. "తినండి తాతా!" మధ్యాహ్నం ఇంకొకటి. "నా మాట కాదనకండి తాతా!" సాయంత్రం మరొకటి. "తినకపోతే నా మీద ఒట్టే!"

పాపం తాతకు మొహమాటం. పైగా పళ్ళూడిపోయాయి, గట్టివి నమలలేడు. మెత్తగా ఉన్నాయి కదా అని రోజంతా పూలే తినేవాడు. కడుపు నిండేది గానీ ఒంట్లో సత్తువ ఉండేది కాదు. తిన్న కాసేపటికే కళ్ళు మూతలు పడేవి.

ఒకరోజు అలాగే కునుకు పట్టింది. పొదలోంచి చిరుత దూకింది. జాజి అనే తల్లిజింక తన పిల్లను ఒక్క తోపు తోసింది. పిల్ల బతికింది గానీ, వెనక్కాలు చీరుకుపోయింది.

"ఈ ముసలాయన ఇక పనికిరాడు. ఎవరైనా కుర్రాణ్ణి పెట్టుకుందాం" అన్నాయి జింకలు. అబ్బో, నిన్నటిదాకా ఒట్లు వేసి తినిపించినవాళ్ళే!

అందరికంటే జాజికే ఎక్కువ కోపం రావాలి. వచ్చింది కూడా. అయినా, పట్టపగలు ఆయనకీ కునుకేమిటా అని చెట్టు కిందికి వెళ్ళి అడిగింది. "తాతా, రోజంతా మీరేం తింటున్నారు?"

"ఇప్పపూలేనమ్మా. మీరు ప్రేమగా తెస్తే వద్దనలేకపోయాను. నావల్ల నీ బిడ్డకు..."

జాజి కోపం కరిగిపోయింది. "తప్పు మాది కూడా తాతా. మాకు తోచింది పెట్టాం. మీ ఒంటికి ఏది పడుతుందో ఒక్కనాడూ అడగలేదు." తర్వాత మందతో, "కొన్నాళ్ళు ఆగండి, ఆ మీదట మీ ఇష్టం" అని చెప్పింది.

మర్నాటి నుంచి, జాజి అడిగిందని, ఒక ఉడుత సారగింజలు కొరికి పప్పు తీసేది. జాజి దాన్ని వాగునీళ్ళలో నానబెట్టేది. ఒకసారి ఆ పప్పు గుప్పెడు, ఒకసారి లేత చింతచిగురు, ఒకసారి మెత్తటి మేడిపండు. అన్నీ కొంచెం కొంచెంగా, ఆకలేసినప్పుడే. పైన కడుపారా నీళ్ళు. ఇప్పపూలా? అప్పుడప్పుడు రెండు. మరీ నోరు కట్టేస్తే ముసలి ప్రాణం ఊరుకుంటుందా ఏంటి!

తాత ఒంట్లోకి సత్తువ వచ్చింది. పగటి కునుకు పోయింది.

చిరుత మళ్ళీ వచ్చింది. ఎండుగడ్డిలో నేలకు కరుచుకుని పాకుతోంది. అది ఇంకా దూరంగా ఉండగానే, "ఖర్ ఖర్!" అడవంతా మారుమోగింది. జింకలు పరుగో పరుగు. జాజి పిల్ల కుంటుతూ వెనకబడింది. కానీ అరుపు ముందే వినపడింది కదా, అది కూడా వాగు దాటేసింది.

మంద అంతా తలలు వంచుకుని తాత దగ్గరికి వచ్చింది. జాజి కళ్ళలో నీళ్ళు. "నా బిడ్డను నిలబెట్టారు తాతా. మీ మేలు మరిచిపోను."

"పిచ్చితల్లీ," అన్నాడు సింగన్న, కొమ్మ దిగి వచ్చి. "అందరూ నన్ను వద్దనుకున్న రోజున, ఏం తిన్నావని అడిగింది నువ్వొక్కదానివే. నీకే నేను దణ్ణం పెట్టాలి."

నీతి: పెద్దవాళ్ళ మీద నిజంగా ప్రేమ ఉంటే, మనకు తోచింది కాదు, వాళ్ళ ఒంటికి పడేది అడిగి పెట్టాలి.