గాలి దూరని డేరా

నాగేరు ఒడ్డున ఒక రేవుపట్నం. అక్కడి పెత్తనమంతా కొండలరాయుడిది. ఆయన షికారు పడవ మీద చిన్న గది ఉండేది. దాని చుట్టూ కట్టిన డేరా గుడ్డ చివికి చిరిగిపోవడంతో, తెరచాపలు కుట్టే నూకాలుకు కబురంపాడు.

"లోపలికి చినుకు పడకూడదు, గాలి కూడా దూరకూడదు. దూరిందో, నిన్ను ఈ రేవు నుంచి వెళ్లగొడతాను" అన్నాడు.

ఆ రేవు తప్ప నూకాలుకు వేరే బతుకుదెరువు లేదు.

"తలుపు పెడితే గాలి వస్తుంది కదా దొరా?"

"సాకులు చెప్పకు!"

నూకాలు మందపాటి గుడ్డ తెచ్చి మూడు వైపులా కుట్టింది. "తమరు లోపల కూర్చుని చూడండి దొరా" అంది. రాయుడు దర్జాగా వెళ్లి కూర్చున్నాడు. ఆమె బయటినుంచి నాలుగో వైపూ కుట్టేసింది.

ఎండ ముదిరింది. లోపల రాయుడు ఉడికిపోయాడు.

"నూకాలూ, ఊపిరాడటం లేదు! విప్పు!"

"అమ్మో, విప్పితే గాలి దూరుతుంది. నన్ను వెళ్లగొడతారు."

"వెళ్లగొట్టనే!"

"ఆ మాట రేవులో అందరికీ వినబడేలా చెప్పండి దొరా."

"గాలి రావచ్చు! నూకాలు ఇక్కడే ఉంటుంది!" అని రాయుడు గొంతు చించుకున్నాడు. రేవులో జనం పగలబడి నవ్వారు.

నూకాలు కుట్లు తెంపింది. చెమటతో తడిసి ముద్దయిన రాయుడు ఒక్క ఉదుటున బయటపడి, గుండెలనిండా గాలి పీల్చి, తానూ నవ్వేశాడు.

"ఇంతకీ తలుపు ఎటు పెడతావే?"

"తమరు ఇప్పుడు ఎటునుంచి దూకారో అటే దొరా" అంది నూకాలు, సూదికి దారం ఎక్కిస్తూ.