ఇంటింటికో గడ్డిజడ

అనగనగా ఒక అడవి. అడవంటే పులులూ సింహాలూ అనుకునేరు, అవేం లేవక్కడ. ఉన్నవన్నీ చెట్లు పెంచుకుని బతికే చిన్నాచితకా జంతువులే. ఊఁ కొడుతూ వినండర్రా, లేకపోతే మధ్యలో ఆపేస్తాను.

ఆ అడవిలో ఒక పద్ధతి ఉండేది. గింజ నాటి ఎవరు పెంచితే, ఆ చెట్టు వాళ్లది. కాయా వాళ్లదే, తొర్రా వాళ్లదే. బాగానే ఉంది కదా? మరి ఏ చెట్టు ఎవరిదో గుర్తుంచుకునేదెవరు? గంభీరయ్య అనే కొండముచ్చు. అందరికంటే ఎత్తున, మద్దిచెట్టు చిటారుకొమ్మన కూర్చునేవాడు. ఎవరు గింజ నాటినా వెళ్లి, "మామా, ఫలానా చోట నాటాను" అని చెప్పాలి. "ఊఁ, గుర్తుపెట్టుకున్నాలే" అనేవాడు. అందుకు ఏటా గుప్పెడు కాయలు పుచ్చుకునేవాడు.

గుప్పెడు కాస్తా దోసెడైంది. దోసెడు బుట్టెడైంది. "గుర్తుపెట్టుకోవడమంటే మాటలా? పొట్ట నిండితేనే తల పనిచేస్తుంది" అనేవాడు. కాయలు కాస్త తగ్గాయా, వెంటనే మతిమరుపు వచ్చేసేది. ఏం మతిమరుపో, దాని దుంపతెగ!

ఆ అడవిలోనే చారలమ్మ అనే ఉడుత ఉండేది. తాను నాటి పెంచిన సారచెట్టు తొర్రలోనే కాపురం. ఒక వేసవిలో ఆవిడకు ముగ్గురు పిల్లలు పుట్టారు. ఆ హడావిడిలో గంభీరయ్యకు కాయలివ్వడం మరిచిపోయింది. ఇంకేం, దిగి వచ్చాడు.

"ఈ చెట్టు నీదని నాకు గుర్తులేదే! నాదని గుర్తు. ఖాళీ చెయ్యి" అన్నాడు.

"అయ్యో మామా! కళ్లు తెరవని పసివాళ్లు. వీళ్లను నోట కరుచుకుని ఎక్కడికి పోను?" అంది చారలమ్మ.

"అది నాకెందుకు? వానలు పడేలోగా తొర్ర ఖాళీ కావాలి, అంతే."

చారలమ్మ వాగు ఒడ్డున కూర్చుని భోరున ఏడ్చింది. అక్కడ తుమ్మకొమ్మకు పోగులయ్య అనే గిజిగాడు గూడు అల్లుకుంటున్నాడు.

"ఏడుపు ఆపి ఇలా రా అత్తా. నా గూటి మొదట్లో ఒక్క పోచ లాగు చూద్దాం" అన్నాడు.

చారలమ్మ లాగింది. గూడు సర్రున ఊడిపోసాగింది.

"ఆగాగు, కొంప కూల్చకు! చూశావా? ప్రతి పోచా దాని ముందు పోచలోంచి దూరి వస్తుంది. పాతదొకటి లాగితే తర్వాతవన్నీ ఊడిపోతాయి. ఎవరికీ తెలియకుండా మార్చడం కుదరదు. చెట్ల సంగతి కూడా ఇలాగే అల్లుకుంటే పోలా?" అన్నాడు పోగులయ్య.

మర్నాడు పొద్దున్నే జంతువులన్నీ వాగు దగ్గర చేరాయి. పోగులయ్య అందరికీ గడ్డిజడ అల్లడం నేర్పాడు. చెట్టుకో ముడి. ముడిలో ఆ చెట్టు నార, దాని సొంతదారు వెంట్రుక ఒకటి. ప్రతి ముడీ ముందు ముడిలోంచి దూరి రావాలి. అందరూ ఒకేసారి, ఒకేలా అల్లాలి. ఇంటికో జడ, ఎవరిది వాళ్ల గుమ్మానికే వేలాడాలి. ఎప్పుడైనా తగువొస్తే, ఎక్కువ ఇళ్ల జడలు ఏం చెబితే అదే నిజం. మీ అన్నయ్య ఫోన్ చూసుకుంటూ బ్లాక్‌చెయిన్, బ్లాక్‌చెయిన్ అని ఊదరగొడుతుంటాడే, అదీ ఇలాంటి అల్లికేనట. మనం నెట్‌లో పెట్టుకున్నవి మనవే అని చెప్పడానికి ఏ గంభీరయ్య కాళ్లూ పట్టుకోనక్కర్లేదట.

"మొదటి ముడి సారచెట్టుది. ఎవరు నాటారు?" అని అడిగాడు పోగులయ్య.

"చారలమ్మే! మేం చూశాం" అన్నారు ముళ్లపంది సూరప్ప, కుందేలు చెవులయ్య, ఎలుగుబంటి బొంతయ్య.

"మరి ఇన్నాళ్లూ చెప్పరేం?" అంది చారలమ్మ ఉక్రోషంగా.

"మమ్మల్నెవరడిగారు? గుర్తుపెట్టుకోవడం గంభీరయ్య పని కదా!"

అలా సారచెట్టు చారలమ్మకు దక్కింది. ఇంటింటికీ ఒక వెంట్రుక పీకి ఇచ్చేసరికి ఆవిడ తోక మాత్రం సగం పలచబడింది. పోతే పోయింది, పిల్లలకు నీడ మిగిలింది.

గంభీరయ్యకు కాయలూ పోయాయి, మర్యాదా పోయింది. ఊరుకుంటాడా? ఒక మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే, సూరప్ప గుమ్మానికున్న జడలో సారచెట్టు ముడి లాగాడు. అది మొదటి ముడాయె! జడంతా ఊడి తోకకు చుట్టుకుంది. సూరప్ప లేచి ఒళ్లు విదిల్చాడు. ముళ్లు ఎక్కడ గుచ్చుకున్నాయో నేను చెప్పను, మీరు నవ్వుతారు.

తర్వాత తానే ఒక జడ అల్లాడు. అన్ని ముడుల్లోనూ తన వెంట్రుకే. "ఇదిగో, ఇదే అసలుది" అని తెచ్చాడు. అందరూ తమ జడలు పక్కన పెట్టి చూశారు. అన్నీ ఒకలా ఉన్నాయి, అదొక్కటే వేరు. పిల్లాజెల్లా పడీపడీ నవ్వారు.

ఇంతలో వానలు పట్టుకున్నాయి. గడ్డిజడలు నాని బూజు వాసన కొట్టసాగాయి. ఈసారి గంభీరయ్య నోట్లో బెల్లం పెట్టుకుని వచ్చాడు.

"అయ్యో పాపం, ఎంత అవస్థ! మద్దిచెట్టు పక్కనున్న నా గుహ పొడిగా ఉంటుంది. జడలన్నీ అక్కడ తగిలించండి. ఈ చలిలో రోజూ వాగు దగ్గరికేం వస్తారు? కొత్త ముడులు కూడా నేనే వేసిపెడతాను. ఒక్క కాయ కూడా ఇవ్వక్కర్లేదు."

చెవులయ్య ముందు ఇచ్చేశాడు. "నా లావు వేళ్లకు ఈ అల్లిక పడదు బాబూ, పట్టుకుపో" అన్నాడు బొంతయ్య. "ఒకసారి గుచ్చుకున్నాయిగా, బుద్ధొచ్చే ఉంటుంది" అని సూరప్పా మళ్లీ అల్లుకున్న తన జడ ఇచ్చాడు. తడిసిన గూడు బాగుచేసుకునే తొందరలో ఉన్న పోగులయ్యతో సహా మిగతావాళ్లూ అంతే.

చివరికి చారలమ్మ తొర్ర దగ్గరికి వచ్చాడు. "అందరూ ఇచ్చారమ్మా, నీదే తరువాయి" అన్నాడు.

చారలమ్మ చెయ్యి జడ మీదికి వెళ్లింది. అల్లీ అల్లీ ఆవిడకూ వేళ్లు నొప్పులే. కానీ వేడి పాలు తాగిన పిల్లి మజ్జిగ కూడా ఊదుకుని తాగుతుందంటారు కదా! "మా పిల్లలు దీన్ని పట్టుకుని ఉయ్యాలూగుతున్నారు మామా, ఇప్పుడు తీస్తే రాగాలు పెడతారు" అని పంపేసింది.

"ఎంత అనుమానమే నీకు!" అని అందరూ ఆవిడనే ఆడిపోసుకున్నారు.

వానలు వెనకబట్టాయి. బొంతయ్య నోరూరించుకుంటూ తన వెలగచెట్టు దగ్గరికి వెళ్లాడు. పైన గంభీరయ్య కూర్చుని వెలగపండు కొట్టుకు తింటున్నాడు.

"దిగు మామా, ఇది నా చెట్టు" అన్నాడు బొంతయ్య.

"ఎవరన్నారు? వెళ్లి నీ జడ చూసుకో."

అందరూ గుహకు పరుగెత్తారు. అక్కడ జడలన్నీ కొత్తగా అల్లి ఉన్నాయి. ప్రతి ముడిలోనూ బూడిదరంగు కొండముచ్చు వెంట్రుకే! చారలమ్మ తన జడ పట్టుకుని రొప్పుతూ వచ్చింది.

గంభీరయ్య నవ్వాడు. "మీరు పెట్టుకున్న పద్ధతే కదా? అన్నీ ఒకలా ఉన్నాయి, నీదొక్కటే వేరు. కాబట్టి నీదే దొంగ జడ. సారచెట్టూ నాదే. ఇక పిల్లల్ని తీసుకుని బయల్దేరు."

అందరూ తమ చేతులతో తామే ఇచ్చుకుంటిరి, ఏమని అడుగుతారు? చారలమ్మకు భయమూ వేసింది, కోపమూ వచ్చింది.

"మామా, ఈ జడలన్నీ ఎవరింట్లో ఉన్నాయి?" అని అడిగింది.

"నా ఇంట్లోనే. ఏం?"

"మా పద్ధతి ఎక్కువ జడలని కాదు, ఎక్కువ ఇళ్లని. ఒకే ఇంట్లో వంద వేలాడదీసినా అది ఒక ఇంటి మాటే. నీదో ఇల్లు, నాదో ఇల్లు. సరికి సరి!" అంది. తర్వాత మిగతావాళ్ల వైపు తిరిగింది. "మీ ఇళ్లకు ఇప్పుడు మాటే లేదు. మాట కావాలంటే కూర్చుని అల్లండి."

గంభీరయ్య గొణుక్కుంటూ చెట్ల మీదికి పోయాడు. అందరూ చారలమ్మ జడ మధ్యలో పెట్టుకుని, దాన్ని చూసి ముడి వెంట ముడి వేశారు. బొంతయ్య వేళ్లు బొబ్బలెక్కాయి. జడలు పూర్తయ్యేలోపు గంభీరయ్య చెట్ల మీది కాయలన్నీ ఊడ్చేశాడు. ఆ ఏడు అందరికీ ఆకులూ దుంపలే గతి. అయితేనేం, ఇంటింటికీ మళ్లీ జడ వేలాడింది, ఎవరి చెట్టు వాళ్లకు వచ్చింది.

అప్పుడు చెవులయ్య తన కొత్త జడ తెచ్చి చారలమ్మ ముందు పెట్టాడు. "అత్తా, నీ అంత నిజాయితీ ఎవరికుంది? ఇది నీ తొర్రలోనే ఉంచు. నీ దగ్గరైతే మాకు బెంగ లేదు."

"అవునవును, మావి కూడా!" అన్నారు అందరూ.

చారలమ్మకు ఒక్క క్షణం భలే గర్వమేసింది. బుట్టలకొద్దీ కాయలు కళ్ల ముందు మెదిలాయి. వెంటనే తనను చూసి తనకే భయమేసింది. ఆ జడ తీసి చెవులయ్య ఒళ్లోకి విసిరికొట్టింది.

"పట్టుకుపోరా నాయనా! ఇవన్నీ నా తొర్రలో పెట్టారంటే, వచ్చే ఏడాదికి నేనే గంభీరయ్యనవుతాను."

నీతి: మంచివాళ్ల చేతికైనా సరే, అందరి హక్కునూ ఒక్కరికే అప్పగించకూడదు, మనది మనకు దక్కాలంటే కాపలా కూడా మనమే కాయాలి.