మెట్టెల మీద మహారాజు

"వెండి వెండి ఎక్కడిదే, వెన్నెలమ్మ ఇంటిదే..." ఆపైన ఏదో ఉండేది, చిన్నప్పుడు పాడేవాళ్లం, ఇప్పుడు నోటికి రావడం లేదు. కథ మాత్రం గుర్తుంది.

ఏనాటిదో ఒక రాజ్యం. అందులో ఒక మఠం. ఆ మఠంలోనే వెండినాణేలు అచ్చువేసేవారు. నాణెం మీద చిన్న దీపం గుర్తు. పేదింటి పెళ్లికి మఠంవారు రెండు నాణేలిస్తే, వాటిని కరిగించి పెళ్లికూతురికి మెట్టెలు చేయించేవారు.

ఒకనాడు రణమల్లదేవ మహారాజు వచ్చి నాణెం తిప్పి చూశాడు.

"దీపమా? ఇక మా ముఖం వెయ్యండి! మా ముఖాన్ని కరిగించినవాడికి వంద కొరడా దెబ్బలు!"

మఠం స్వామివారు తలవంచి కొత్త అచ్చు చేయించారు. కొలిమి దగ్గర తిత్తులూదే గురవమ్మకు మాత్రం దిగులు పట్టుకుంది. తల్లీతండ్రీ లేని మనవరాలు పున్నమ్మ పెళ్లి వారంలోనే. కరిగించకుండా మెట్టెలెలా?

పెళ్లయింది. కొత్త దంపతులను వెంటబెట్టుకుని, దీవెనలకని గురవమ్మ కొలువుకు వచ్చింది. పున్నమ్మ కుంటుతూ నడుస్తోంది. రాజు కిందికి చూశాడు. ఆ పిల్ల కాలివేళ్లకు దారంతో కట్టిన రెండు నాణేలు! రెండింటి మీదా ఆయన మీసాల ముఖం, నిండా దుమ్ము.

"ఏమే ముసలీ! మా ముఖాన్ని కాళ్లకు కట్టావా?"

"కరిగించొద్దని తమరే సెలవిచ్చారు కదయ్యా. ఉన్నవాటిని ఉన్నట్టే కట్టాం."

"తీయించు!"

"అయ్యో, మహాప్రభూ! భర్త పక్కనుండగా ముత్తైదువ మెట్టెలు తీయించమంటారా? ఆ పాపం నాకొద్దు. తమరే ఆజ్ఞ రాయించండి."

రాజు మంత్రివైపు చూశాడు. మంత్రి పైకప్పువైపు చూశాడు.

కాసేపటికి రాజు మీసం కదిలింది. ఆపుకోలేక పకపకా నవ్వేశాడు. కొలువంతా నవ్వింది. నాణెం మీద మళ్లీ దీపమే వెయ్యమన్నాడు. రాణివాసం నుంచి కొత్త మెట్టెలు తెప్పించాడు, అవి తొడిగాకే ఇవి తియ్యమని. గురవమ్మకు పళ్లెం నిండా వెండి ఇప్పించాడు.

ఆమె దండం పెట్టబోతే ఆపి, మెల్లగా అన్నాడు.

"దండాలు తర్వాత అవ్వా. ముందు ఆ పిల్లను కూర్చోబెట్టు, వేళ్లు కందిపోయాయి."