కాటన్న కూత

అనగనగా అంటే నిన్నా మొన్నా కాదు, మా అవ్వకు అవ్వ కూడా పుట్టకముందు మాట. గుట్టకింద పల్లెలో కాటన్న అని ఒకడుండేవాడు. పొద్దంతా రాళ్లు చెక్కి తిరగళ్లు చేసేవాడు. సాయంత్రమైతే చెడుగుడు ఆడేవాడు.

ఎట్లా ఆడేవాడంటారా? ‘చెడుగుడు చెడుగుడు’ అని కూత పెట్టి గీత దాటాడంటే, ఆ ఒక్క ఊపిరితోనే ముగ్గురిని తాకి, అవతలి వెనక గీత తొక్కి, తీరిగ్గా తిరిగొచ్చేవాడు. ఓడిన జట్టు కూడా చప్పట్లు కొట్టేది. తిట్టుకుంటూనే అనుకోండి!

ఒక ఏడు కాటన్నకు దగ్గు పట్టుకుంది. మొదట పొడిదగ్గు. తర్వాత ఆయాసం. ఆ తర్వాత నెత్తురు. వైద్యుడు వీరాచారి రొమ్ముకు చెవి ఆనించి చాలాసేపు విన్నాడు.

“రాతిపొడి లోపలంతా పేరుకుందిరా నాయనా. దీనికి మందు లేదు. ఉలి వదిలెయ్, ఆట వదిలెయ్. ఇంకొక్కసారి ఊపిరి బిగబట్టావంటే అది తిరిగి రాదు.”

ఉలి వదలడానికి కాటన్న సరేనన్నాడు. ఆట మాటకొచ్చేసరికి తల అడ్డంగా ఊపాడు. ఆ సీమలో ఒక కట్టుబాటు ఉండేది. ఆట మానేవాడు అందరి ముందూ చివరి కూత పెట్టాలి. అవతలి వెనక గీత తొక్కి, కూత తెగకుండా తిరిగి రావాలి. అట్లా రానివాణ్ని పారిపోయినోడు అనేవాళ్లు. ఎన్నేళ్లు గెలిచినా చివరికి ఆ పేరే మిగిలేది.

“పేరు పోతే పోనీ. నువ్వుంటే చాలు నాకు,” అని పెళ్లాం సుంకమ్మ ఏడ్చింది.

“పారిపోయినోడు అనిపించుకుని బతకలేనే,” అన్నాడు కాటన్న. చచ్చేంత భయంగానే ఉంది అతనికి.

ఏటవతలి ఊరితో ఆట కుదిరింది. వాళ్ల జట్టు పెద్ద పుల్లన్న పదేళ్లుగా కాటన్న చేతిలో ఓడుతున్నవాడు. కాటన్న మట్టి కళ్లకద్దుకుని కూత ఎత్తాడు. ఒక అడుగు వేశాడు. రెండో అడుగు వేశాడు. మూడో అడుగుకు దగ్గు పొర్లుకొచ్చింది.

పుల్లన్న ఒక్క ఉరుకున వచ్చాడు. పట్టుకోలేదు. కాటన్న నడుము చుట్టూ చెయ్యేసి, తనే ‘చెడుగుడు చెడుగుడు’ అని అందుకున్నాడు. అతని ఊపిరి అయిపోతే పక్కవాడు అందుకున్నాడు. తర్వాత ఇవతలి జట్టు, తర్వాత జనం. ఆటచోట ఎన్నడూ నోరు విప్పని సుంకమ్మ కూడా ఎలుగెత్తింది. కాటన్న ఇక కూత పెట్టలేదు. నెమ్మదిగా ఊపిరి పీల్చుకుంటూ నడిచాడు. వెనక గీత తొక్కాడు. తిరిగొచ్చాడు.

“కూత తెగిందా?” అని ఊరిపెద్ద అడిగాడు.

“తెగలేదు!” అని అందరూ ఒక్కసారే అరిచారు.

మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ అదే జవాబు.

“పదేళ్లు నన్ను ఓడించాలని చూసినావే, ఈ పొద్దు వదిలేసినావేం పుల్లన్నా?” అన్నాడు కాటన్న.

“ఓడించాలనే చూసినా గానీ, నువ్వు లేకుండా పోవాలని చూడలేదన్నా,” అన్నాడు పుల్లన్న. ఇద్దరూ అక్కడే కూలబడి ఏడ్చారు.

తర్వాత కాటన్న మూడు వానాకాలాలు బతికాడు. గీత పక్కన కూర్చుని, పిల్లలను తిడుతూ ఆట నేర్పాడు. నాలుగో వానలు చూడలేదు.

ఆ సీమలో ఎవర్నీ పారిపోయినోడు అనడం అప్పటితో మానేశారు. ఇప్పటికీ ఆట మొదలయ్యే ముందు రెండు జట్లూ, చూసే జనమూ కలిసి ఒక కూత పెడతారు. ఒకరి ఊపిరి అయిపోతే ఇంకొకరు అందుకుంటారు. అప్పుడు బరిలో ఎవరూ ఉండరు. జబ్బుమనిషి ఒకడు అవతలి గీత దాకా నడిచి, తిరిగి ఇల్లు చేరేంతసేపు ఆ కూత సాగుతుంది.