వాపసు వచ్చిన బోళం

కోట గుమ్మం పక్కన ఒక సుగంధాల వర్తకుడు ఉండేవాడు. పెళ్ళిళ్ళకు పన్నీరు అమ్మేవాళ్ళు ఊరినిండా ఉన్నారు గానీ, శవాలు చెడకుండా పూసే బోళం మాత్రం ఆయన కొట్లోనే దొరికేది.

బేరం బాగానే సాగేది. చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు కదా. బతికుండగా తండ్రికి ముద్ద పెట్టనివాడు కూడా ఏడుస్తూ వచ్చేవాడు. వర్తకుడు తనూ కాస్త కళ్ళు తుడుచుకుని, "పెద్ద జాడీ తీసుకో నాయనా. సమాధిలో ఎంతకాలం ఉండాలో ఏమో!" అనేవాడు. ఆ మాటకు అడ్డు చెప్పినవాడు లేడు. సరుకు బాగాలేదని తిరిగొచ్చినవాడు అసలే లేడు.

భార్య పోయిన రోజున ఆ మాట ఆయనకే గుచ్చుకుంది. కొట్లో అన్నిటికన్నా పెద్ద జాడీ ఆమెకు పెట్టాడు. దాని జోడు జాడీని తన కోసం అటక మీద దాచుకుని, రోజూ దుమ్ము తుడుస్తూ వచ్చాడు.

ఒక ఆదివారం తెల్లవారుతుండగా ఒకావిడ పరుగున వచ్చింది. తన గురువు పోయాడని మొన్న వెక్కి వెక్కి ఏడుస్తూ బోళం కొనుక్కెళ్ళిన ఆవిడే. ఇప్పుడు చంకలో జాడీ, ముఖమంతా నవ్వు.

"ఇదుగోండి మీ బోళం. అవసరం పడలేదు."

వర్తకుడి ముఖం కందగడ్డ అయింది. "ఏం, పక్క ఊళ్ళో చవగ్గా దొరికిందా?"

"అది కాదు పెద్దాయనా. పూద్దామని వెళ్తే ఆయన లేడు. చావులోంచి లేచాడు! నన్ను పేరు పెట్టి పిలిచాడు కూడా."

ఇలాంటి సాకు ఆయన పుట్టి బుద్ధెరిగి వినలేదు. "అమ్మిన సరుకు వెనక్కి తీసుకోను. పైసా ఇవ్వను."

"డబ్బెవరడిగారు? ఉంచుకోండి."

"మరెందుకొచ్చినట్టు?"

"చెప్పడానికి. పొద్దస్తమానం ఏడ్చేవాళ్ళ మధ్య కూర్చుంటారు, మీకు చెప్పకుండా ఇంటికెలా పోను?"

కసురుకుందామని నోరు తెరిచాడు. ఏడుపు వచ్చింది. అది బేరం కోసం ఏడ్చే ఏడుపు కాదు. "అమ్మా, మా ఆవిడ కూడా..."

"ఆయన పిలిస్తే ఎవరు పడుకునుంటారు?" అనేసి ఆవిడ పక్కింటి తలుపు తట్టడానికి పోయింది.

వర్తకుడు కొట్టు మూయడం మరిచి సమాధుల తోటకు పరుగెత్తాడు. ఒక చెప్పు దారిలోనే జారిపోయింది. తోటలో ఆ గురువు సమాధికి అడ్డంగా పెట్టిన రాయి పక్కకు దొర్లి ఉంది. లోపల శవానికి చుట్టిన గుడ్డలు మడతపెట్టి ఉన్నాయి. ఎత్తుకుపోయేవాడెవడూ గుడ్డలు మడతపెట్టి పోడని అంత ఏడుపులోనూ ఆయనకు తట్టింది. తిరిగొచ్చేసరికి రెండో చెప్పూ లేదు. ముసలాయన పాట పాడుతున్నాడు.

అటక మీది జాడీ దించాడు. వీధిలో పిల్లల తలలకు, పెళ్ళికూతురి జడకు, చివరికి గాడిద చెవులకు కూడా పూశాడు. ఇన్నాళ్ళూ ఆ వాసనకు ముక్కు మూసుకున్న ఊరు మళ్ళీ మళ్ళీ వాసన చూసుకుంది.

మధ్యాహ్నం ఒక కుర్రవాడు ఏడుస్తూ వచ్చాడు. "మా అమ్మ పోయిందండీ. పెద్ద జాడీ ఇవ్వండి."

వర్తకుడు అతన్ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. అతనితోపాటు తనూ ఏడ్చాడు. తర్వాత లేచి, అరలో అన్నిటికన్నా చిన్న బుడ్డి వెతికి అతని చేతిలో పెట్టాడు.

"ఇది చాలు నాయనా. ఎంతోకాలం ఉండక్కర్లేదు."