గుప్పెడు తవుడు

"ఒక మాటకు నలుగురు నాలుగు పుట్టుకలు చెబుతుంటే, వాటిలో అసలుది ఏదో తేల్చుకోవడం ఎలా?" అని విశ్వపతి పొద్దున్నే తన గురువు కూర్మనాథంగారిని అడిగాడు. విశ్వపతికి ఒక మాట దొరికితే చాలు, దాని తాతముత్తాతలను కూడా పలకరించి వస్తేగాని అన్నం సహించదు. ఆ సంగతి తెలిసిన గురువుగారు పొయ్యి మీద కషాయం చూసుకుంటూ కూర్చున్నారు. నాగావళి ఒడ్డున ఆ పల్లెలో చిన్నాచితకా జబ్బులకు ఆయనే వైద్యుడు.

పొద్దెక్కేసరికి దాలినాయుడూ అతని భార్య పైడమ్మా ఆరేళ్ళ కూతుర్ని భుజాన వేసుకొని వచ్చారు. పిల్ల ఒళ్ళు కాలిపోతోంది. గురువుగారు నాడి చూసి, "ఇది నావల్ల అయ్యేది కాదు. ఏరు దాటి డాక్టరుగారిని వెంటబెట్టుకురా" అని దాలినాయుణ్ణి తొందరపెట్టారు. పిల్లను ముందుగదిలో పడుకోబెట్టి, నుదుటి మీద తడిగుడ్డ వేసే పని శిష్యుడికి అప్పగించి, కషాయం కోసం లోపలికి వెళ్ళారు.

"పిల్ల పేరేమిటి?" అని విశ్వపతి అడిగాడు.

"తవిటమ్మండి. మా నాయనమ్మ పేరు," అంటూనే దాలినాయుడు చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాడు.

విశ్వపతికి అది చాలలేదు. మరి ఆ నాయనమ్మకు ఆ పేరెలా వచ్చింది? తవుడు నుంచే వచ్చి ఉండాలి. వడ్లు దంచే రోజున పుట్టిందేమో. కాదంటే ఏ గ్రామదేవత పేరో అయి ఉంటుంది. గుడ్డ తడుపుతూనే ఇవన్నీ పైకి చెబుతున్నాడు. మంచివాడే పాపం, తల్లికి ధైర్యం చెబుతున్నాననుకున్నాడు. చివరికి పిల్ల ముఖం చూసి ముచ్చటపడి, "ఇంత చక్కని పిల్లకు తవుడేమిటమ్మా? నేను మంచి పేరు పెడతాను. సువర్ణా! కళ్ళు తెరువు తల్లీ, సువర్ణా!" అని గట్టిగా పిలిచాడు.

పైడమ్మ గబుక్కున లేచి వీధి తలుపు మూసేసింది.

"అలాగ పిలవకండి బాబూ, మీ కాళ్ళట్టుకుంటాను. బయటికి ఇనపడిపోతాది."

"ఎవరికమ్మా?"

ఆమె మూసిన తలుపు వైపే చూస్తూ గొంతు తగ్గించింది. "దీనికి ముందు ఇద్దరు బాబూ. ముద్దుగా పేర్లెట్టుకున్నాం. ఇద్దరూ దక్కలేదు. ఇది పుట్టగానే చేటలో ఎట్టి పక్కింటామెకి ఇచ్చేసినాను. విలువ లేని పిల్లనుకొని దీన్నైనా వదిలేస్తాదని, మళ్ళీ గుప్పెడు తవుడిచ్చి కొనుక్కున్నాను. మాయాయన ఆ ఊసు ఎవరికీ చెప్పరు. ఎవురడిగినా నాయనమ్మ పేరనే అంటారు."

విశ్వపతి చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. అతనికి అలాంటి నమ్మకాలు లేవు. అయినా తన పిలుపు ఎంతదూరం వినిపించిందోనని అతనికి భయం వేసింది. పిల్ల ఊపిరి అంతకుముందుకంటే వేగంగా వస్తున్నట్టు తోచింది.

అంతా వింటూ లోపలి గడపలో నిలబడ్డ గురువుగారు అప్పుడు వచ్చారు. ముందు వీధి తలుపు బార్లా తీశారు. తరువాత పిల్ల పక్కన కూర్చొని, వీధి చివరిదాకా వినిపించేలా కసిరారు. "ఏయ్ తవుడూ! పనికిమాలిన పిల్లా, నువ్వు ఎవరికి కావాలే? లే, ఈ కషాయం మింగు."

ఆ పేరు వినగానే పిల్ల పెదవులు కదిపింది. రెండు గుక్కలు మింగింది. పైడమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. జ్వరం మాత్రం దిగలేదు. ఏటి గట్టు మీద ఇంకా ఎవరూ కనిపించడం లేదు.

"నేనిప్పుడు ఏం చెయ్యను గురువుగారూ?" అని విశ్వపతి తల వంచుకొని అడిగాడు.

"వెళ్ళి గుమ్మంలో కూర్చో. డాక్టరుగారు వస్తే లోపలికి పంపు. ఇంకెవరైనా వచ్చి లోపల ఏముందని అడిగితే, గుప్పెడు తవుడుందని చెప్పు."